ఖాళీ ప్యాక్ ఏ డబ్బాలో వెయ్యాలి? రీసైక్లింగ్ లేబుల్ తయారుచేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

చేతులు కడుక్కునే లిక్విడ్ సబ్బు అయిపోయింది. సింకు పక్కన నిలబడి ఖాళీ సీసాను అటూ ఇటూ తిప్పి చూశాను. అడుగున చిన్న త్రికోణం, అందులో 1 అంకె. వెనకవైపు ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు బాణాల గుండ్రటి గుర్తు. ముందువైపు ఆకుపచ్చ ఆకు బొమ్మ, దాని కింద ప్రకృతికి మేలు చేస్తుందన్న మాట. ఇన్ని ఉన్నాయి గానీ, పంపు ఊడదీసి వెయ్యాలా, ఉంచి వెయ్యాలా అన్న ఒక్క ముక్క ఎక్కడా లేదు.

ఆ సీసా పట్టుకున్న మనిషి దాని గురించి ఆలోచించేది రెండు మూడు సెకన్లు. ఆలోపు జవాబు దొరక్కపోతే కొందరు ఎందుకొచ్చిన గొడవ అనుకుని మామూలు చెత్తలో పడేస్తారు, మంచి సరుకు వృథా అవుతుంది. ఇంకొందరు రీసైకిల్ అవుతుందేమోలే అనుకుని రీసైక్లింగ్ డబ్బాలో వేస్తారు, అక్కడ పనికిరానిది చేరి మిగతా సరుకును పాడుచేస్తుంది. ఈ రెండో రకం వాళ్లు మంచి మనసుతోనే వేస్తున్నారు. వాళ్ల మంచితనం వృథా పోతుంటే చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

వస్తువు తయారుచేసి అమ్మేవాళ్లు, ప్యాకింగ్ డిజైన్ చేసేవాళ్లు, ప్రింటింగ్‌కి వెళ్లేముందు ఆర్ట్‌వర్క్ మీద సంతకం పెట్టేవాళ్లు... ఇది మీకోసం రాస్తున్నాను. రీసైక్లింగ్ లేబుల్ అంటే మన కంపెనీ మంచితనం చెప్పుకునే చోటు అని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని వేరే. ఖాళీ ప్యాక్ పట్టుకున్న చేతికి, ఏ భాగాన్ని ఏం చెయ్యాలో చెప్పడం. కింద చెప్పే ప్రతి మెట్టూ అక్కడి నుంచే పుడుతుంది.

మెట్టు 1: ప్యాక్‌ను ముక్కలు ముక్కలుగా విప్పండి

కంప్యూటర్ ముందు కూర్చోకండి. నిజమైన ప్యాక్ ఒకటి తెచ్చి, ఖాళీ చేసి, టేబుల్ మీద పాత పేపర్ పరిచి, పూర్తిగా విప్పెయ్యండి. పైన చెప్పిన సబ్బు సీసానే నేను అలా విప్పాను. వచ్చినవి ఇవీ:

- సీసా: పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్, రంగు లేదు.
- సీసా చుట్టూ అంటుకుని ఉన్న తొడుగు: వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ ఫిల్మ్. సీసా ప్లాస్టిక్ వేరు, ఇది వేరు.
- పంపు తల, మెడ, లోపలి గొట్టం: రెండు మూడు రకాల ప్లాస్టిక్.
- పంపు లోపల స్టీలు స్ప్రింగు.
- కొత్తగా ఉన్నప్పుడు మెడ చుట్టూ ఉండే సీలు: సన్నటి ఫిల్మ్ ముక్క.

బయట నుంచి ఒకే సీసా. విప్పితే ఐదు భాగాలు, వాటి దారులు వేరువేరు. ‘రీసైకిల్ చేయవచ్చు’ అని దీనిమీద ఒక్క ముక్కలో రాస్తే అది ఏ భాగానికి వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని లేబుల్ దగ్గరే గందరగోళం అంతా మొదలవుతుంది.

ప్రతి భాగం ఏ పదార్థమో సప్లయర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. ‘అది ప్లాస్టిక్ అండీ’ అంటే సరిపోదు. ఏ ప్లాస్టిక్, ఎన్ని పొరలు, ఏ రంగు, లేబుల్‌కి వాడిన జిగురు నీళ్లలో ఊడుతుందా లేదా, ఇవన్నీ అడగండి. పౌచ్‌ల విషయంలో మరీ జాగ్రత్త. చేతికి ఒకే పొరలా తగిలే పౌచ్‌లో పాలిథీన్, పాలిస్టర్, అల్యూమినియం కలిసి అంటుకుని ఉండొచ్చు. అలా అంటుకున్న పొరల్ని విడదీయడం మామూలు ప్లాంట్లలో జరగని పని.

మెట్టు 2: అది నిజంగా రీసైకిల్ అవుతుందా?

ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. ల్యాబ్‌లో చాలా ప్లాస్టిక్‌లను కరిగించి మళ్లీ వాడొచ్చు. దానికీ లేబుల్‌కీ సంబంధం లేదు. ప్రతి భాగాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. మీ వస్తువు అమ్ముడయ్యే చోట జనం దగ్గర నుంచి దాన్ని సేకరిస్తున్నారా? సేకరించాక ప్లాంటులో వేరుచేయగలుగుతున్నారా? వేరుచేశాక దాన్ని కొనేవాళ్లు ఉన్నారా? మూడింటికీ అవును అని వస్తేనే అది రీసైకిల్ అవుతుంది. ఒక్కదానికి కాదు అని వచ్చినా ఆ భాగం చివరికి చేరేది చెత్తకుప్పకే.

రెండో ప్రశ్న దగ్గర చాలా ప్యాక్‌లు ఫెయిలవుతాయి. ఎందుకో తెలియాలంటే ప్లాంటు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

పెద్ద ప్లాంట్లలో సరుకు బెల్టు మీద వేగంగా వెళ్తుంటే పైనుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పడుతుంది. ఒక్కో ప్లాస్టిక్ ఆ కాంతిని ఒక్కో రకంగా తిప్పి పంపుతుంది, దాన్నిబట్టి సెన్సర్ గుర్తుపడుతుంది, గాలి గొట్టం ఒక్క ఊపుతో దాన్ని సరైన వైపుకి నెడుతుంది. నల్లరంగు కోసం కార్బన్ బ్లాక్ కలిపిన ట్రే వస్తే అది ఆ కాంతిని మింగేస్తుంది. సెన్సర్‌కి ఏమీ కనపడదు. మంచి ప్లాస్టిక్ అయినా ట్రే చెత్తలోకి వెళ్లిపోతుంది. సీసా మొత్తాన్ని కప్పేసే తొడుగు ఉంటే ఇంకో చిక్కు. సెన్సర్ చూసేది తొడుగుని, సీసాని కాదు. మన సబ్బు సీసా పెట్ అయినా, తొడుగు వేరేది కావడం వల్ల తప్పు గుంపులోకి పోవచ్చు.

చిన్న వస్తువులది వేరే కథ. చాలా ప్లాంట్లలో సుమారు 5 సెంటీమీటర్ల కంటే చిన్నవి జల్లెడ సందుల్లోంచి గాజు పెంకులతో పాటు కింద పడిపోతాయి. విడిగా వేసిన మూత అలాగే పోతుంది, సీసాకి బిగించి వేసిన మూత సీసాతో పాటు వెళ్తుంది. తర్వాత సీసాను ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. పెట్ నీళ్లకంటే బరువు, మునుగుతుంది. మామూలు మూతలు చేసే పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌లు నీళ్లకంటే తేలిక, తేలతాయి. నీళ్లే వాటిని విడదీస్తాయి. మూత తీసి వెయ్యమని పాతరోజుల్లో చెప్పేవాళ్లు, ఇప్పుడు బిగించి వెయ్యమని చాలాచోట్ల చెప్పడానికి కారణం ఇదే. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి 3 లీటర్ల లోపు ప్లాస్టిక్ పానీయాల సీసాలకు మూత ఊడిపోకుండా సీసానే అంటిపెట్టుకుని ఉండాలి.

ఇదే నీళ్ల పద్ధతి పీవీసీ దగ్గర పనిచేయదు. పెట్ మునిగినట్టే అదీ మునుగుతుంది. అక్కడ విడిపోకుండా కరిగించే దగ్గరికి చేరితే, కొద్దిపాటి పీవీసీ అయినా పెట్‌ను పాడుచేస్తుంది. మొక్కజొన్నలాంటి పంటల నుంచి చేసే పీఎల్‌ఏ సీసా కంటికి అచ్చం పెట్ లాగే కనపడుతుంది, కలిస్తే అదీ నష్టమే. పల్చటి ప్లాస్టిక్ కవర్లు తిరిగే పళ్లచక్రాలకు చుట్టుకుపోయి మిషన్లనే ఆపేస్తాయి. పనివాళ్లు మిషన్ ఆపి, లోపలికి దిగి, కత్తితో కోసి తియ్యాలి. ‘కవర్లు ఇక్కడ వేయవద్దు’ అన్న రెండు మూడు పదాలు ప్యాక్ మీద స్పష్టంగా ఉంటే ఆ ప్రమాదం కొంతైనా తగ్గుతుంది.

‘చాలామందికి అందుబాటులో ఉంది’ అని చెప్పడానికి కొలత కావాలంటే, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు ఒకటి ఇచ్చాయి. ఆ వస్తువు అమ్మే ప్రాంతంలో కనీసం 60 శాతం మందికి దాన్ని రీసైకిల్ చేసే సదుపాయం ఉంటేనే షరతు ఏదీ చెప్పకుండా ‘రీసైకిల్ చేయవచ్చు’ అనాలి. మీరు అమ్మేది ఇంకో దేశంలో అయినా ఈ కొలత దగ్గర పెట్టుకోవడం మంచిది.

మెట్టు 3: ఒక్కో భాగానికి ఒక్క తీర్పు

తీర్పులు మూడే ఉంచండి: రీసైకిల్ అవుతుంది, ఫలానా పని చేస్తే అవుతుంది, అవ్వదు. మధ్యదాన్ని పొదుపుగా వాడండి. చేసే పని ఇంట్లో, చేతులతో, కొన్ని సెకన్లలో అయ్యేదిగా ఉండాలి. కడగడం, తొడుగు చింపడం, పంపు విప్పడం సరే. కత్తెర కావాల్సివస్తే జనం చెయ్యరు, కాబట్టి ఆ భాగం ‘అవ్వదు’ కిందే లెక్క.

సబ్బు సీసాకి ఇలా వచ్చింది: తొడుగు చింపి చెత్తలో, పంపు విప్పి చెత్తలో, సీసా కడిగి రీసైక్లింగ్‌లో. ఈ తీర్పు రాస్తున్నప్పుడే తెలిసిపోతుంది, తొడుగు బదులు చిన్న లేబుల్ వేస్తే ఒక పని తగ్గుతుందని. లేబుల్ రాయడం కష్టంగా ఉందంటే చాలాసార్లు ప్యాకే మార్చాలి అని అర్థం. ప్రింటింగ్‌కి ముందే ఆ మాట పైవాళ్లకు చెప్పండి.

మెట్టు 4: గందరగోళం పెట్టే గుర్తులు తీసెయ్యండి

కొత్తది పెట్టేముందు పాతవాటిని ఏరెయ్యాలి. మూడు గుర్తుల సంగతి తెలిసుండాలి.

మొదటిది ఒకదాని వెంట ఒకటి తిరిగే మూడు బాణాలు. 1970లో ఒక అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీలో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి గీసిన బొమ్మ అది. ఎవరైనా వాడుకోవచ్చు, అదే దాని బలం, అదే దాని బలహీనత. ఐఎస్ఓ 14021 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉత్త బాణాలు ఉంటే ‘రీసైకిల్ చేయవచ్చు’ అని, పక్కన శాతం అంకె ఉంటే ‘ఇందులో అంత శాతం రీసైకిల్ చేసిన సరుకు ఉంది’ అని అర్థం. అంటే ఒకే బొమ్మ ఒకసారి ముందు జరగబోయేది చెబుతుంది, ఇంకోసారి వెనక జరిగిపోయింది చెబుతుంది. కొనేవాళ్లకు ఈ తేడా తెలుస్తుందని ఆశించడం అన్యాయం.

రెండోది అంకె ఉన్న త్రికోణం. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన కోడ్ ఇది. 1 అంటే పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. ఇది ఏ ప్లాస్టికో చెబుతుంది, అంతే. రీసైకిల్ అవుతుందని చెప్పదు. బాణాల త్రికోణంలో ఉండటంతో జనం ఏళ్ల తరబడి అలాగే అనుకున్నారు. అందుకే 2013లో ఈ కోడ్ ప్రమాణంలో బాణాలు తీసి మామూలు త్రికోణం పెట్టారు. కానీ సీసాలు పోసే పాత అచ్చులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మీ అచ్చులో బాణాలుంటే, మళ్లీ అచ్చు చేయించేటప్పుడు మార్పించండి. సైజు చిన్నగా, అడుగునే ఉంచండి. లేబుల్ మీదికి మాత్రం తేవద్దు.

మూడోది రెండు బాణాలు చుట్టుకున్న గ్రీన్ డాట్. జర్మనీలో 1990ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. ప్యాకింగ్ వ్యర్థాల సేకరణ వ్యవస్థకు ఆ కంపెనీ తన వాటా డబ్బు కట్టిందని మాత్రమే దాని అర్థం. చూసేవాళ్లకు రీసైక్లింగ్ గుర్తులా కనపడుతుంది. మీరు అమ్మే దేశంలో చట్టం అడగకపోతే ఉంచొద్దు.

ఆకు బొమ్మలు, ‘ఎకో’, ‘గ్రీన్’ లాంటి మాటలు రీసైక్లింగ్ లేబుల్ దరిదాపుల్లో ఉండకూడదు. ‘బయోడీగ్రేడబుల్’, ‘కంపోస్టబుల్’ అన్నవి మరీ ప్రమాదం. ఫ్యాక్టరీ వేడిలో మాత్రమే కుళ్లే ప్యాక్ మీద ఉత్తగా ‘కంపోస్టబుల్’ అని రాస్తే, పెరటి గోతిలో వేసినవాళ్లకు ఏడాది తర్వాత కూడా అదే ప్యాక్ కనపడుతుంది.

మెట్టు 5: మాటలు రాయండి

వరుస ఎప్పుడూ ఒకటే: భాగం పేరు, చేసే పని, వేసే చోటు. మన సీసాకి ఇలా:

తొడుగు: చింపి తీయండి. చెత్తలో
పంపు: విప్పి తీయండి. చెత్తలో
సీసా: కడిగి వేయండి. రీసైక్లింగ్‌లో

ఇంతే. ‘బాధ్యతగా పారవేయండి’ అని రాస్తే ఎవరికీ ఏ పనీ చెప్పినట్టు కాదు. ‘సదుపాయం ఉన్నచోట రీసైకిల్ చేయండి’ కూడా అలాంటిదే, మనం చెయ్యాల్సిన మెట్టు 2ని కొనేవాళ్ల నెత్తిన పెట్టడం. ఒక్కోచోట ఒక్కోలా ఉండి తప్పనిసరి అయితే, దేన్ని చూసుకోవాలో స్పష్టంగా చెప్పండి: ‘మీ రీసైక్లింగ్ డబ్బా మీద ‘ట్రేలు’ అని ఉంటేనే వేయండి.’

భాగాల పేర్లు జనం పిలిచే పేర్లే అయ్యుండాలి. డిజైన్ మీటింగుల్లో మనం స్లీవ్, క్లోజర్, ప్రైమరీ ప్యాక్ అంటుంటాం. వంటింట్లో అవి తొడుగు, మూత, సీసా. ‘పాలిమర్’, ‘లామినేట్’, ‘సబ్‌స్ట్రేట్’ లాంటివి లేబుల్ మీదికి రానివ్వొద్దు.

ఇంకో మాట, డబ్బా మీద ఏ పదం ఉందో ప్యాక్ మీదా అదే ఉండాలి. డబ్బా మీద ‘ప్లాస్టిక్’ అని, ప్యాక్ మీద ‘డ్రై రీసైక్లబుల్స్’ అని ఉంటే ఆ రెండూ కలుపుకోవడం మళ్లీ కొనేవాళ్ల పనే అవుతుంది. డెన్మార్క్‌లో మొదలై పక్క నార్డిక్ దేశాలకూ పాకిన పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. చెత్త డబ్బా మీద ఉన్న బొమ్మే ప్యాక్ మీదా ఉంటుంది. చదవాల్సిన పని కూడా లేదు, జత కలిపితే చాలు.

మెట్టు 6: చోటు, సైజు, రంగు

మీ వస్తువులన్నిటి మీదా లేబుల్ ఒకే చోట ఉండాలి. చిన్న సైజు ప్యాక్‌లో జాగా లేదని ఎగరగొట్టొద్దు. పెద్ద సీసా మీద ఉండి చిన్నదాని మీద లేకపోతే, చిన్నది రీసైకిల్ అవ్వదని జనం అనుకుంటారు. చింపి తీసే భాగం గురించిన సూచన ఆ భాగం మీదే, చింపే చోటు పక్కనే ఉండాలి. సీసా గురించిన సూచన మాత్రం తొడుగు మీద రాసి ఊరుకోవద్దు. తొడుగు చింపేశాక అది కూడా చెత్తలోకి పోతుంది కదా.

అక్షరం సైజు గురించి యూరప్ ఆహార లేబుళ్ల నిబంధనలో ఒక కొలత ఉంది, చిన్న ఇంగ్లిష్ ఎక్స్ అక్షరం ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు. తెలుగుకి అదే సైజు పెడితే చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఇంగ్లిష్‌తో సమానంగా పెట్టి ఫిల్మ్ మీద ప్రింట్ చేస్తే ఇంకు కొంచెం పాకినా లోపలి సందులు పూడుకుపోతాయి. ‘వేయండి’ లోని సున్నా చుక్కలా మారిపోతుంది, ‘ప్లాస్టిక్’ లో ఒత్తులు ముద్దయిపోతాయి. తెలుగు లైన్‌ను ఇంగ్లిష్ కంటే పెద్దగా పెట్టండి, లైన్ల మధ్య జాగా పెంచండి. సన్నటి గీతల ఫాంటు వద్దు. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే ఇంకు పాకి అక్షరం ఇంకా సన్నబడుతుంది, వీలైనంతవరకు లేత రంగు మీద ముదురు అక్షరాలే వాడండి. స్క్రీన్ మీద చూసి ఓకే చెయ్యొద్దు. అసలు ఫిల్మ్ మీద తీసిన ప్రింట్‌ను, వంటింట్లో ఉండే వెలుతురులో, చేయి చాపినంత దూరంలో పెట్టి చదవండి.

రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. మిగతా ప్రపంచంలోనూ అలాంటివాళ్లు కోట్లలో ఉన్నారు. ‘ఆకుపచ్చది వెయ్యొచ్చు, ఎర్రది వెయ్యకూడదు’ అన్న లేబుల్ వాళ్లకు ఖాళీ కాగితమే. గుర్తు ఆకారమూ, మాటా రెండూ ఉండాలి.

క్యూఆర్ కోడ్ పెడితే పెట్టండి, అదనపు వివరాల కోసం. అసలు సూచన దాని వెనక దాచొద్దు. తడి చేతులతో ఎవరూ ఫోన్ తియ్యరు.

మెట్టు 7: మనుషుల మీద పరీక్ష

మీ ఆఫీసుకి సంబంధం లేని ఎనిమిది, పది మందిని పిలవండి. వాళ్లలో పెద్దవయసువాళ్లు, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఉండేలా చూడండి. ఖాళీ ప్యాక్ చేతికిచ్చి, రెండు డబ్బాలు చూపించి, ‘పారెయ్యండి’ అని మాత్రం చెప్పండి. తర్వాత నోరు మెదపకుండా చూడండి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అయిందనే అంటారు, మర్యాద కోసం.

సబ్బు సీసాకి మేం చేసిన మొదటి నమూనాలో ‘పంపు తీసి వేయండి’ అని రాశాం. ఒకావిడ పంపు తీసి, దాన్ని రీసైక్లింగ్ డబ్బాలో వేశారు, సీసాను చెత్తలో వేశారు. మేం అనుకున్నదానికి పూర్తిగా ఉల్టా. ఆ వాక్యం మళ్లీ చదివితే ఆవిడ చేసిందే రైటు. ‘తీసి వేయండి’ అన్నాం, దేన్ని ఎక్కడ వెయ్యాలో చెప్పలేదు. భాగం, పని, చోటు ఒకే లైన్‌లో ఉండాలన్న నియమం మాకు అక్కడే పుట్టింది. ఎవరైనా తప్పు డబ్బాలో వేస్తే వాళ్లకు వివరించకండి. లేబుల్ మార్చి కొత్తవాళ్లతో మళ్లీ చేయించండి.

మెట్టు 8: మారకుండా కాపాడటం, మారినప్పుడు మార్చడం

గుర్తులు, మాటలు, సైజులు అన్నీ ఒకే మాస్టర్ ఫైల్‌లో పెట్టి, డిజైనర్లందరూ అక్కడి నుంచే తీసుకోవాలని రూల్ పెట్టండి. మీ దేశంలో ఉమ్మడి లేబుల్ పద్ధతి ఉంటే సొంతం కట్టిపెట్టి అందులో చేరండి. బ్రిటన్‌లో ఓపీఆర్‌ఎల్, అమెరికాలో హౌ టు రీసైకిల్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆస్ట్రలేషియన్ రీసైక్లింగ్ లేబుల్ అలాంటివి. మీ సొంత లేబుల్ ఎంత అందంగా ఉన్నా, జనం పది కంపెనీల ప్యాక్‌ల మీద చూసి అలవాటు పడిన లేబుల్‌తో పోటీపడలేదు.

ఎగుమతి చేస్తుంటే తేదీలు గుర్తుంచుకోండి. యూరోపియన్ యూనియన్ 2025లో తెచ్చిన ప్యాకింగ్ నిబంధన ప్రకారం అన్ని సభ్యదేశాలకూ ఒకే రకం లేబుల్ రాబోతోంది. 2028 ఆగస్టు నుంచి, లేదా వివరాల నిబంధనలు ఆలస్యమైతే ఆ తర్వాత. చెత్త డబ్బాలకూ దానికి సరిపోయే లేబుళ్లు వస్తాయి. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం, నిజంగా సేకరించి వేరుచేయని వస్తువుల మీద తిరిగే బాణాల గుర్తు వాడకుండా కట్టడి చేస్తుంది.

పదార్థం మారితే లేబుల్ మారాలి. సప్లయర్ ధర తగ్గించి వేరే ఫిల్మ్ పంపాడంటే, కొనుగోలు విభాగం ఆ సంగతి లేబుల్ చూసే మనిషికి అదేరోజు చెప్పాలి. ఎవరు ఎవరికి చెప్పాలో పేర్లతో రాసి పెట్టుకోండి. ఏమీ మారకపోయినా ఏడాదికోసారి మెట్టు 2లోని మూడు ప్రశ్నలూ మళ్లీ అడగండి. ప్లాంట్లు మారతాయి, కొనేవాళ్లు మారతారు.

చివరగా, పాత ప్రింటెడ్ రోల్స్. కొత్త లేబుల్ రెడీ అయ్యాక గోడౌన్‌లో కొన్ని నెలలకు సరిపడా పాత స్టాక్ ఉంటుంది. అందులో వివరం మాత్రమే తక్కువుంటే అయిపోయేదాకా వాడుకోండి, పారేస్తే అదే ఒక వ్యర్థం. తప్పు ఉంటే, అంటే రీసైకిల్ అవ్వనిదాన్ని అవుతుందని చెబుతుంటే, ఆ లైన్ మీద స్టిక్కర్ వేసి సరిదిద్దండి. స్టిక్కర్ ఎంపికలో కూడా మెట్టు 1 మర్చిపోవద్దు: అదీ ఒక భాగమే, దాని జిగురు నీళ్లలో ఊడిపోయేదై ఉండాలి.